శక్తిమానూ... మా ఊరికి వానెప్పుడు తెస్తావు?

ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలు. పొయ్యి మీద కుక్కరు మూడో విజిల్ వేస్తుంటుంది. సరిగ్గా ఆ వేళకే మన పిల్లలూ, పక్కింటి పిల్లలూ, అసలు ఎవరింటి వాళ్ళో మనకే తెలియని పిల్లలూ నట్టింట్లో చాప మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని ఉంటారు. "అమ్మా, కుక్కరు ఆపేయ్, ఏమీ ఇనపడల్యా!" అని కేక. ఆపుతామా? ఆపితే మధ్యాహ్నానికి పప్పేదీ? ఆపం. వాళ్ళు టీవీ సౌండు పెంచుతారు. మనం లోపల్నుంచి అరుస్తాం. ఇంతలో తెర మీద కుంకుమరంగు దుస్తుల్లో ఒకాయన గిర్రున తిరుగుతూ వచ్చేస్తాడు. అంతే! ఇల్లంతా నిశ్శబ్దం. కుక్కరు కూడా ఊరుకున్నట్టే అనిపించేది నాకు.

ఇది చదువుతూ మీలో ఎంతమంది నవ్వుకుంటున్నారో నాకు తెలుసు. ఆ పిల్లలు ఇప్పుడు ముప్పయ్యేళ్ళ వాళ్ళు. కొందరికి పిల్లలు కూడానూ. కానీ శక్తిమాన్ పేరెత్తితే చాలు, మొహాల్లో ఆనాటి ఆదివారం కనిపిస్తుంది. మరి మన సంగతి? ఆ సీరియల్ని పిల్లలు చూశారు, ఆ పిల్లల్ని మనం చూశాం. మన వైపు కథ ఎవరూ రాయలేదు కదా అని ఈ నాలుగు మాటలు.

భీష్ముడు మళ్ళీ వయసులోకొచ్చాడు!

శక్తిమాన్ దూరదర్శన్‌లో మొదలైంది 1997 సెప్టెంబరు 13న. మొదట్లో శనివారం పొద్దున వచ్చేది, ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నానికి మారింది. 2005 మార్చి 27 దాకా, అంటే ఏడున్నరేళ్ళు నడిచింది. ఒకటో తరగతిలో చూడ్డం మొదలుపెట్టిన పిల్లవాడు ఎనిమిదో తరగతికి వచ్చాడన్నమాట.

వేషం వేసింది ముకేష్ ఖన్నా. నిర్మించిందీ ఆయనే. మహాభారతంలో భీష్ముడు ఆయనే కదా! మా అత్తగారికి శక్తిమాన్ ఎవరో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. టీవీలో ఆయన కనబడగానే చేతులు జోడించేది. "గడ్డం తీసేసి ఈయన మళ్ళీ వయసులోకొచ్చినాడే!" అని ఆశ్చర్యపోయేది. భీష్ముడికి స్వచ్ఛంద మరణం వరం కాబట్టి ఇదీ సాధ్యమేనని ఆమె లెక్క. కాదని చెప్పడానికి మాకెవరికీ నోరు రాలేదు.

కథ మీకు గుర్తుండే ఉంటుంది. సూర్యాంశులనే గురువులు ఒక శిష్యుణ్ణి తయారు చేస్తారు. యోగసాధనతో అతని ఒంట్లోని చక్రాలు మేలుకుంటాయి. పంచభూతాల శక్తి అతనిలో చేరుతుంది. ఇక బయటికి మాత్రం గంగాధర్ అనే అమాయకపు ఫోటోగ్రాఫరు. లావు కళ్ళద్దాలు, ముందుకొచ్చిన పళ్ళు, నడి పాపిట. పూర్తి పేరు పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి. ఎక్కాలు అప్పజెప్పమంటే నసిగే మావాడు ఈ పేరు మాత్రం ఊపిరి తీసుకోకుండా చెప్పేవాడు!

మరి హిందీ? కళ్యాణదుర్గంలో మాకు హిందీ ఎక్కడిది? మా పక్కింట్లో ఉర్దూ మాట్లాడే అక్క ఉండేది. వాళ్ళబ్బాయి మా వీధికి ఆస్థాన అనువాదకుడు. ముందు వరసలో కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పేవాడు. ఎవరితోనన్నా పొద్దున గోలీలాటలో గొడవ పడి ఉంటే ఆ వారం చెప్పేవాడు కాదు. అప్పుడు వీధి వీధంతా వాణ్ణి బతిమాలుకోవాల్సిందే. వాడికి కావలసినన్ని పార్లే-జి బిస్కెట్లు లంచం. ఆ బిస్కెట్ల కంపెనీ కూడా శక్తిమాన్‌కి ప్రాయోజకులే కాబట్టి, ఖర్చు సార్థకమేనని మా పిల్లల వాదన.

చీకటి గెలిచిన ఆదివారాలు

శక్తిమాన్ శత్రువు తమ్‌రాజ్ కిల్విష్. చీకటి ఎప్పటికీ ఉండాలి అన్న అర్థం వచ్చే ఒక్క మాటే వాడి ఊతపదం. మా ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా పిల్లలంతా ఆ మాట ఒక్క గొంతుతో అరిచేవాళ్ళు. పట్టపగలే! ఆదివారం పన్నెండున్నరకి సరిగ్గా కథ ముదిరినప్పుడు కరెంటు పోతే ఆ అరుపులో ఏడుపు కూడా కలిసేది. ఒకసారి వీధిలో ఒకాయన ట్రాక్టరు బ్యాటరీ విప్పుకొచ్చి చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. ఆ రోజు ఆయన్ని పిల్లలు చూసిన చూపు ఉందే, శక్తిమాన్‌కి కూడా అంత భక్తి దక్కి ఉండదు.

ఆ గుంపుకి తిండి పెట్టడం మన పనే కదా. నేనైతే ఉగ్గాని చేసేదాన్ని. బొరుగులు నీళ్ళలో వేసి తీసి గట్టిగా పిండేయడం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కరివేపాకు, పసుపు తాలింపులో కలపడం, పైన పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండడం. పది నిమిషాల్లో పది మందికి. "శక్తిమాన్ ఏం తింటాడమ్మా?" అని ఎవరో అడిగితే "రాగి సంగటి" అని చెప్పేశాను. నా అబద్ధాల్లో అంత లాభం తెచ్చినది ఇంకొకటి లేదు. వరన్నం తప్ప ముట్టని మావాడు ఆరు నెలలు నోరెత్తకుండా సంగటి ముద్దలు మింగాడు. (చేసినవాళ్ళకి తెలుస్తుంది, సంగటి గెలకడానికే అసలు శక్తి కావాలి!)

మిగతా అమ్మల మాట ఒక్కటిగా ఉండేది కాదు. మా ఎదురింటి వదినకు ఆ సీరియలంటే మంట. వాళ్ళ పిల్లాడు గిర్రున తిరుగుతూ వచ్చి మజ్జిగ కుండ పగలగొట్టాడు మరి. వెనక వీధి అక్క మాత్రం తెగ మెచ్చుకునేది. ప్రతి భాగం చివరా శక్తిమాన్ పిల్లలతో మాట్లాడేవాడు, గుర్తుందా? పళ్ళు తోముకోవాలి, పెద్దల మాట వినాలి, చెత్త రోడ్డు మీద వేయకూడదు... ఇలాంటివి. తప్పు చేసిన పిల్లవాడు చెవులు పట్టుకుని "సారీ శక్తిమాన్" అనేవాడు. "నేను నూరుసార్లు చెప్పినా ఇననోడు ఆయనొకసారి చెప్తే ఇంటాడక్కా" అని ఆమె సంతోషం. నాకు మాత్రం ఆ సంతోషం వెనక కొంచెం ఉక్రోషం కూడా కనబడేది. ఉండదా? నూరుసార్లు చెప్పింది మనం!

ఇంకో మాట కూడా చెప్పాలి. అదే రోజుల్లో సినిమా వాళ్ళు మా సీమ మీద పడ్డారు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర... వరసపెట్టి వచ్చాయి. తెర మీద మా ఊళ్ళంటే సుమోలూ, కొడవళ్ళూ, బాంబులూ. వాళ్ళ హీరోలూ చెడ్డవాళ్ళనే శిక్షిస్తారు, చట్టాన్ని చేతిలోకి తీసుకునే. శక్తిమాన్ కూడా పోలీసుల కోసం కాచుకుని కూర్చోడు. కానీ వాడి చేతిలో కత్తి లేదు, వెనక మందీ మార్బలం లేదు, పగ తీర్చుకోవడానికి వంశం లేదు. మా పిల్లలు ఏదో ఒక హీరోని చూడక తప్పదంటే, నేను ఆ ఉత్తచేతులవాడికే ఓటు వేస్తాను.

నేనే శక్తిమాన్, వాడు గీత!

ఆడపిల్లల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. శక్తిమాన్ ఆటలో మగపిల్లలు వంతులేసుకుని శక్తిమాన్ అయ్యేవాళ్ళు, మిగిలినవాళ్ళు కిల్విష్ మనుషులు. ఆడపిల్ల ఎవరొచ్చినా "నువ్వు గీతా విశ్వాస్" అని ఒక మూల నిలబెట్టడం. ఆమెను రాక్షసులు ఎత్తుకుపోవాలి, వీళ్ళు కాపాడాలి.

అసలు సీరియల్లో గీత అలా మూల నిలబడే మనిషి కాదు. పత్రికా విలేఖరి. మొదట కిటూ గిద్వానీ, తర్వాత వైష్ణవీ మహంత్ ఆ పాత్ర వేశారు. శక్తిమాన్ అనేవాడు ఒకడున్నాడని ఊరికి చెప్పేది ఆమే. ప్రమాదం ఉన్నచోటికి నోట్‌బుక్ పట్టుకుని ముందు వెళ్ళేదీ ఆమే. ఋతురాగాలు చూసి కళ్ళు తుడుచుకునే మనకు, ఉద్యోగం చేసుకుంటూ ఎవరికీ జడవని ఈ పిల్ల ముచ్చటగానే ఉండేది. మా ఆడపడుచు కూతురు సెలవులకొచ్చినప్పుడు ఒకరోజు జడలు రెండూ ముడేసి, "ఈపొద్దు నేనే శక్తిమాన్. కావాలంటే వాణ్ణి గీతను చేసుకోండి" అంది. మగపిల్లలు అరగంట సేపు కొట్లాడి, చివరికి గీత వేషానికి మావాణ్ణే ఒప్పించారు. వాడు నా చున్నీ వేసుకుని, పెన్నూ కాగితమూ పట్టుకుని ఊరంతా వార్తలు రాసుకుంటూ తిరిగాడు. ఆ ఆట వారం రోజులు ఆడారు. ఆ ఒక్క వారమే ఎవరి మోకాలూ పగల్లేదు, ఎందుకో మరి.

ఆ వార్తలు చదివాక...

ఇక నవ్వులాట కాని విషయం. 1990ల చివర్లో పత్రికల్లో కొన్ని వార్తలు వచ్చాయి. ఎక్కడెక్కడో పిల్లలు శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి మేడల మీది నుంచి దూకారనీ, నిప్పుతో చెలగాటమాడారనీ. దేశమంతా గగ్గోలు. వాటిలో కొన్ని నిజం కావని ముకేష్ ఖన్నా తర్వాత చెప్పుకున్నారు. అయినా ఆయన తెర మీదే పిల్లలకు నచ్చజెప్పారు, నేను చేసేవి మీరు చేయకండి, ఇదంతా నటన అని. కానీ మీరే చెప్పండి. వారానికోసారి ఎగిరే మనిషే "ఎగరడం అబద్ధం" అంటే ఆరేళ్ళ పిల్లవాడికి ఏది ఎక్కుతుంది?

ఇది మన దేశపు వింత కూడా కాదు. 2007లో బ్రిటన్ డాక్టర్లు ఒక వైద్యపత్రికలో రాశారు. సూపర్‌హీరో దుస్తులు వేసుకుని ఆడుతూ దెబ్బలు తగిలించుకుని ఆసుపత్రికి వచ్చిన అయిదుగురు పిల్లల గురించి. చదువుకున్న తల్లిదండ్రులూ, రంగురంగుల బొమ్మల పుస్తకాలూ ఉన్నచోటే అలాగైతే, మిద్దె మీద పిట్టగోడ మోకాలెత్తు కూడా లేని మా ఊళ్ళ సంగతేమిటి?

నేను చదివాను ఆ వార్తలు. మిద్దె మెట్ల దగ్గర తడిక కట్టాను. అగ్గిపెట్టె అటక మీద పెట్టాను. దర్జీతో కుట్టించిన శక్తిమాన్ చొక్కా పాలిస్టరుది కాబట్టి, అది వేసుకుని వంటింట్లోకి రాకూడదని గట్టిగా చెప్పాను. మెడకు తువ్వాలు ముడేసుకుంటే విప్పించేదాన్ని. (శక్తిమాన్‌కి వీపున గుడ్డే లేదు, అది సూపర్‌మాన్‌ది. మా పిల్లలకి ఇద్దరూ ఒకటే!) ఇన్ని చేసి, నావరకు నేను జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను.

2002 ఆగస్టులో ఒక ఆదివారం

మా ప్రాంతం తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం మీద సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూనే. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే దించుకుని వట్టి చేతుల్తో వస్తాయి. ఈశాన్య మేఘాలు సముద్రం నుంచి మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. ఎర్రనేలల్లో వర్షాన్ని నమ్ముకుని బుడ్డలు (మీ వైపు వేరుశనగ) వేస్తాం. వాన సరిగ్గా పడితే ఇంట్లో పండగ, పడకపోతే బెంగళూరు బస్సు.

2002లో దేశమంతా కరువే. జూలైలో పడాల్సిన వాన పడలేదు. మేము వేసిన విత్తనం మొలిచి, నాలుగాకులు వేసి, అలాగే నిలబడిపోయింది. బోరు అప్పటికే ఎండింది. మా ఆయన ఆగస్టు మొదట్లో పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్ళారు. మావాడికి ఏడేళ్ళు. ఇంట్లో ఎవరూ వాడికేమీ చెప్పలేదు. చెప్పకపోతే తెలియదనుకున్నాం, అదీ మన తెలివి.

ఆ ఆదివారం సీరియల్ మొదలైన అయిదు నిమిషాలకే కరెంటు పోయింది. పిల్లలు కాసేపు చూసి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. ఎందుకో తలెత్తి చూస్తే, తడిక పక్కకి తీసి ఉంది. మావాడు మిద్దె పిట్టగోడ మీద నిలబడి ఉన్నాడు. ఆ పాలిస్టరు చొక్కా వేసుకుని, ఆకాశం వైపు చూస్తూ.

ఆ క్షణం గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. అరిస్తే ఉలిక్కిపడతాడు. మెట్లెక్కి వెళ్తే అలికిడికి తిరుగుతాడు. నాకే తెలియకుండా నా నోట్లోంచి వచ్చిన మాట ఒకటే. మా ఊళ్ళో ఏ పిల్లవాడినైనా, ఏ పెద్దవాడినైనా ఉన్నచోటు నుంచి లేపే మాట.

"కరెంటొచ్చెరా! శక్తిమాన్ వస్తాండాడు, బిరీన రా!"

వెంటనే కూర్చున్నాడు. కాళ్ళు లోపలికి వేసుకున్నాడు. మెట్ల మీద దడదడ దిగొచ్చి నట్టింట్లోకి పరుగెత్తాడు. నేను వెనకే వెళ్ళి వాకిలి గడియ వేసి, దానికి ఆనుకుని కూర్చున్నాను. టీవీ నల్లగా ఉంది.

"అబద్దం చెప్తివి కదమ్మా!"

"యాల ఎక్కినావురా ఆడికి?"

వాడు చెప్పింది వింటే మీరూ నాలాగే నోరు మూసుకుంటారు. వాడు ఎగరడానికి ఎక్కలేదు. ఎగరలేనని వాడికి తెలుసు. దూకితే శక్తిమాన్ వచ్చి పట్టుకుంటాడు. వచ్చినాక అడగొచ్చు, మా చేని మీద గిర్రున తిరిగి మోడాలు తెచ్చి వాన కురిపీమని. వాన పడితే నాయన వచ్చేస్తాడు. ఇదీ వాడి ఆలోచన. అంత మంది పిల్లల్లో తన మొర వాడికి వినబడాలంటే ఇంకో దారి లేదనుకున్నాడు.

ఇన్నాళ్ళూ నేను భయపడింది సీరియల్ చూసి. వాడు భయపడింది ఇల్లు చూసి. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

తిట్టలేదు. కొట్టలేదు. ముకేష్ ఖన్నా బొంబాయిలో ఉంటాడనీ, తాళ్ళు కట్టి ఎగరేస్తారనీ, కెమెరా మాయ అనీ చెబితే వాడు తలూపి "అది ఉత్త సినిమా వాళ్ళ శక్తిమాన్. నిజం శక్తిమాన్ యేరే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకని రెండో మాట చెప్పాను. నాయన ఎందుకు వెళ్ళాడో, ఎంత అప్పుందో, ఎన్నాళ్ళలో వస్తాడో, వేళ్ళ మీద లెక్క పెట్టి చెప్పాను. ఏడేళ్ళవాడికి అప్పు లెక్క చెప్పేదేంటని మా అత్తగారు కోప్పడింది. కానీ వాడు ఆ రాత్రి నిద్రపోయాడు. మర్నాడు ఎస్టీడీ బూతుకి తీసుకెళ్ళి వాళ్ళ నాయనతో మాట్లాడించాను. ఆ నెలలో కూరగాయలకు పెట్టాల్సిన డబ్బులు కొంత ఆ బూతుకే పోయాయి. పోనివ్వండి.

అన్నట్టు, ఆ రోజు ఇంకొకటి కూడా జరిగింది. అబద్ధం చెప్పినందుకు శిక్ష ఉండాలన్నాడు. నన్ను చెవులు పట్టుకోమన్నాడు. పట్టుకుని "సారీ శక్తిమాన్" అన్నాను. వాడు పెద్దమనిషిలా క్షమించాడు.

తర్వాత

సీరియల్ 2005లో ఆగిపోయింది. టైము కోసం దూరదర్శన్‌కి కట్టాల్సిన డబ్బు పెరుగుతూ పోవడం ఒక కారణమని ముకేష్ ఖన్నా చెప్పారు. మా పిల్లలు అప్పటికి క్రికెట్‌లో పడ్డారు. వాన సంగతి ఎప్పటిలాగే, ఒక ఏడు ఉంటే రెండేళ్ళు లేదు.

2012లో హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్ళు మాకు దగ్గర్లోని జీడిపల్లి రిజర్వాయరుకి చేరాయి. చూడ్డానికి జనం తిరునాళ్ళకు పోయినట్టు వెళ్ళారు. మేమూ వెళ్ళాం. నీళ్ళలో చెయ్యి పెట్టి మావాడు అన్నాడు, "శక్తిమాన్ రాల్యా గానీ, మోటార్లొచ్చినాయమ్మా." వాడికి అప్పుడు పదిహేడేళ్ళు. మా చేనికి ఆ నీళ్ళు వెంటనే ఏమీ రాలేదు, అది వేరే కథ.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ రామాయణ, మహాభారతాలతో పాటు శక్తిమాన్‌ని కూడా మళ్ళీ వేసింది. బెంగళూరులో ఉద్యోగం చేసే మావాడు అప్పటికే ఇంటికొచ్చేశాడు. ఇరవై అయిదేళ్ళ మనిషి, గడ్డం పెంచుకుని, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చూస్తే ఏముంది? తాళ్ళు తెలిసిపోతున్నాయి, మంటలు బొమ్మల్లా ఉన్నాయి. వాడు నవ్వుతూనే ఉన్నాడు గానీ లేవలేదు. పక్కింటి అక్క కొడుకు, ఆ పాత అనువాదకుడు, గోడ అవతల్నుంచి కేకేసి అడిగాడు, "తెలుగులో చెప్పల్లా?" అని.

మధ్యలో కరెంటు పోయింది. అలవాటుగా నేను వంటింట్లోంచి "వస్తాదిలేరా" అన్నాను. లోపల్నుంచి వాడి గొంతు వినిపించింది.

"అమ్మా... నిజంగానా? చెవులు పట్టుకుని చెప్పు."